ఫోన్‌తో రెటీనా ఫోటో: కంటి ముందుకు వెళ్ళేదాకా ఐదు నెలల డైరీ

ఫిబ్రవరి 3

ఈ రోజు నుంచి రాయడం మొదలుపెడుతున్నాను. పెద్ద ఆసుపత్రిలో కంటి డాక్టరు మేడమ్ రాయమన్నారు. "ఏం చేశావో ఒక్కటే కాదమ్మా, ఎందుకు చేశావో కూడా రాయి. రేపు ఎక్కడైనా తప్పు జరిగితే వెనక్కి వెళ్ళి చూసుకోవడానికి ఉండాలి" అన్నారు.

నేను ఉద్దానంలో ఒక చిన్న విజన్ సెంటర్‌లో ఆప్టోమెట్రిస్ట్‌ని, అంటే కంటి పరీక్షలు చేసే మనిషిని, డాక్టరుని కాదు. ఒక గది, ఒక స్లిట్ ల్యాంప్ (సన్నటి వెలుగు గీత వేసి కంటిని పెద్దదిగా చూపేది), ఒక రెటినోస్కోప్ (అద్దాల నంబరు తేల్చేది), ఒక డైరెక్ట్ ఆఫ్తాల్మోస్కోప్ (కంటి లోపలికి చూసే చేతి పరికరం). కంటి డాక్టరు ఉండేది పెద్ద ఆసుపత్రిలో, ఇక్కడి నుంచి బస్సులో గంటన్నర. షుగరు ఉన్నవాళ్ళు ఏడాదికి ఒకసారైనా రెటీనా, అంటే కంటి వెనక పొర, చూపించుకోవాలి. చూపు తగ్గేదాకా ఆగితే అప్పటికే ఆలస్యం. ఈ మాట రోజూ చెబుతాను. "వెళ్తానమ్మా" అని చీటీ తీసుకుని వెళ్ళినవాళ్ళలో చాలామంది మళ్ళీ నా దగ్గరికే, అదే చీటీతో, ఆరు నెలల తర్వాత వస్తారు. జీడితోట పనో, కొబ్బరి దింపుళ్ళో, పక్క ఇంట్లో పెళ్ళో ఏదో ఒకటి అడ్డొస్తుంది. వాళ్ళని తప్పుపట్టలేను. రోజు కూలి పోతుంది, పైగా తోడుగా ఇంకొకరు రావాలి.

డైరెక్ట్ ఆఫ్తాల్మోస్కోప్‌తో నేను లోపలికి చూడగలను. కానీ అందులో కనిపించేది సుమారు 15 రెట్లు పెద్దదిగా, 5 డిగ్రీల వెడల్పు మాత్రమే. తాళం కన్నంలోంచి పెరడంతా చూడాలనుకోవడం లాంటిది. చూసింది డాక్టరుకి పంపించే వీలు కూడా లేదు. అదే 20 డయాప్టర్ల (లెన్స్ బలానికి కొలత; పొట్టిగా 20డి) లెన్స్ చేత్తో కంటి ముందు పట్టుకుని, కాస్త దూరం నుంచి వెలుగు వేసి చూస్తే బొమ్మ తలకిందులుగా, మూడు రెట్లే పెద్దదిగా వస్తుంది గానీ 45 డిగ్రీల దాకా ఒకేసారి కనిపిస్తుంది. డాక్టర్లు తలకి కట్టుకునే పరికరంతో చేసేది ఇదే. ఫోన్‌లో ఫ్లాష్, కెమెరా పక్కపక్కనే ఉంటాయి కాబట్టి ఆ తలపరికరం పనిని ఫోన్ చేయగలదు. ఇందులో నేను కనిపెట్టింది ఏమీ లేదు, పదేళ్ళకు పైగా చాలా దేశాల్లో చేస్తున్నదే. కొనుక్కోవడానికి తయారైన పరికరాలూ ఉన్నాయి, మన దేశంలో చేసినవీ ఉన్నాయి. మా సెంటర్‌కి అంత డబ్బు లేదు. మేడమ్ దగ్గర ఒక పాత 20డి లెన్స్ ఉంది, నాకు ఇచ్చారు. తమ్ముడు విశాఖలో ఇంజనీరింగ్ కాలేజీలో పనిచేస్తాడు, అక్కడ 3డీ ప్రింటర్ ఉంది. ఒక చేత్తో ఫోన్, ఒక చేత్తో లెన్స్ పట్టుకుంటే రెండూ వణుకుతాయి. రెండిటినీ ఒకే కడ్డీకి బిగించాలి. ప్రాజెక్టు అంతే.

మేడమ్ షరతు మాత్రం గట్టిది. "ఫోటో సంగతి తర్వాత. ముందు వెలుగు సంగతి తేల్చు. నేను చెప్పేదాకా ఏ పేషెంటు కంటికీ పెట్టొద్దు."

ఫిబ్రవరి 11

ముందు కన్ను తయారుచేశాను, పీవీసీ పైపుతో.

అద్దాల నంబరు చూసే ట్రయల్ సెట్‌లో +20 లెన్స్ ఉంటుంది. దాని ఫోకస్ 50 మిల్లీమీటర్లు. పైపుని సరిగ్గా 50 మిల్లీమీటర్లకి కోసి, ముందు ఆ లెన్స్, వెనక రెటీనా బొమ్మ ప్రింట్ అతికిస్తే దూరదృష్టి, హ్రస్వదృష్టి ఏవీ లేని కన్ను అవుతుంది. లోపలంతా నల్ల రంగు వేశాను. లెన్స్ ముందు నల్ల చార్టు ముక్కలు రెండు మార్చి మార్చి పెట్టేలా చేశాను: ఒకదానికి 3 మిల్లీమీటర్ల కన్నం, ఒకదానికి 7 మిల్లీమీటర్లది. మామూలు కంటిపాప ఒకటి, చుక్కలు వేశాక పెద్దదైన పాప ఒకటి.

3 మిల్లీమీటర్ల కన్నంతో ఏమీ కనిపించలేదు. తెల్లటి మెరుపు ఒకటే. గంట కుస్తీ పడ్డాక కాగితం మీద లెక్క వేస్తే అర్థమైంది. ఫోన్‌కీ లెన్స్‌కీ మధ్య 25 సెంటీమీటర్లు పెట్టాను. అప్పుడు లెన్స్ కంటికి 6 సెంటీమీటర్ల చిల్లర దూరంలో ఉండాలి. ఆ అమరికలో కంటిపాప బొమ్మ ఫోన్ దగ్గర నాలుగు రెట్లు పెద్దదై పడుతుంది. అంటే 3 మిల్లీమీటర్ల పాప 12 మిల్లీమీటర్ల గుండ్రం అవుతుంది. నా ఫోన్‌లో ఫ్లాష్ నడిమధ్య నుంచి కెమెరా నడిమధ్యకి 14 మిల్లీమీటర్లు. ఒకటి లోపల ఉంటే ఇంకోటి బయట! 7 మిల్లీమీటర్ల పాప అయితే 28 మిల్లీమీటర్లు, రెండూ హాయిగా పడతాయి. కన్నం మార్చగానే రెటీనా బొమ్మ స్క్రీన్ నిండా వచ్చేసింది.

సంతోషం వేసింది, దానితోపాటు దిగులు కూడా. చుక్కలు వేయకుండా ఈ పరికరం పనిచేయదని దీని అర్థం. చుక్కలు వేయడం అంటే దాని జాగ్రత్తలు దానికి ఉన్నాయి.

ఫిబ్రవరి 19

మొదటి హోల్డర్ వచ్చింది. తమ్ముడు పీఎల్‌ఏ ప్లాస్టిక్‌తో చేశాడు. ఆకుపచ్చ రంగు. బాగుంది. లెన్స్ రింగులో పెట్టి కిందికి వంచాను, జారి టేబుల్ మీద పడింది.

పడింది టేబుల్ మీద కాబట్టి సరిపోయింది. కింద ఒక మనిషి ముఖం ఉంటే? ఫోన్ చేసి చెప్పాను. "అక్కా, రింగు టైట్ చేస్తాను" అన్నాడు. టైట్ చేస్తే చాలదు. ప్లాస్టిక్ రోజులు గడిచేకొద్దీ వదులవుతుంది. రింగుకి లోపల ఒక పెదవి ఉండాలి, లెన్స్ కంటి వైపుకి అసలు రాలేకుండా. మొత్తం హోల్డర్‌కి మణికట్టు తాడు ఉండాలి. పేషెంటుని పడుకోబెట్టి చూడకూడదు, కూర్చోబెట్టే చూడాలి. ఈ మూడూ రాసి పంపాను. కంటి వైపు ఉన్న అంచులన్నీ గుండ్రం చేయమన్నాను. ప్రింట్ అయ్యాక మిగిలే చిన్న చిన్న ముళ్ళు గరుకు కాగితంతో నేనే రుద్దుకుంటాను.

మార్చి 2

ఈ రోజు జరిగింది ఎవరికైనా జరగొచ్చు, అందుకే వివరంగా రాస్తున్నాను.

ఉదయం పదకొండు అవుతుంటే ఏదో కాలుతున్న వాసన. వైరింగు అనుకుని మెయిన్ ఆపేశాం. ఆయా అప్పుడు చూసి కేక వేసింది. కిటికీ పక్క టేబుల్ మీద ఓపీ రిజిస్టర్ నుంచి సన్నటి పొగ! లెన్స్‌ని నేను స్టాండుకి ఆనించి నిలబెట్టి వెళ్ళాను. ఎండ కిటికీలోంచి దాని మీద పడింది. 20డి లెన్స్ ఎండని 5 సెంటీమీటర్ల దూరంలో చుక్కగా చేస్తుంది, రిజిస్టర్ సరిగ్గా అక్కడే ఉంది. ఎండ కదిలేకొద్దీ చుక్క కదిలి, పేజీ మీద వేలెడు పొడవు గోధుమరంగు గీత గీసి, ఒకచోట కన్నం చేసింది.

చిన్నప్పుడు భూతద్దంతో ఎండుటాకులు కాల్చిన పిల్లని నేను. బీఎస్సీలో ఫోకల్ లెంగ్త్ లెక్కలు చేశాను. అయినా కిటికీ దగ్గర పెట్టాను, ఎందుకంటే ఆ లెన్స్‌ని నేను "కంటి పరికరం"గానే చూస్తున్నాను, భూతద్దంగా చూడడం మానేశాను. మధ్యాహ్నమే నల్ల వెల్వెట్ సంచి కుట్టించాను. చేతిలో లేనప్పుడు లెన్స్ ఆ సంచిలో, సంచి డబ్బాలో, డబ్బా బీరువాలో ఉండాలి. పరీక్ష గదికి మందపాటి కర్టెన్ వేశాం. క్యాంపుల్లో చెట్టు కిందో, బడి వరండాలోనో ఈ పరికరం ఎప్పటికీ బయటికి తీయనని కూడా రాసుకున్నాను. ఎండ ఉన్నచోట ఆ లెన్స్ మనిషి ముఖం ముందుకి రాకూడదు.

మార్చి 15

తమ్ముడి కాలేజీ ల్యాబ్‌లో వెలుగు కొలిచాం. ఈ ఎంట్రీ పెద్దదే అవుతుంది.

కంటిలోకి వేసే వెలుగుతో ప్రమాదం రెండు రకాలు. ఒకటి వేడి: వెలుగు ఎంత తీవ్రంగా ఉందన్నదే లెక్క. రెండోది రసాయన మార్పు: తీవ్రత ఎంత, ఎంతసేపు పడింది, రెండూ గుణించుకోవాలి. ఈ రెండో దానికి నీలం వైపు వెలుగు ఎక్కువ కారణం, తరంగదైర్ఘ్యం 440 నానోమీటర్ల చుట్టుపక్కల మరీ ఎక్కువ. ఇది కూడుకుంటూ పోతుంది. పది సెకన్లు చూసి, ఐదు నిమిషాలు ఆగి, మళ్ళీ పది సెకన్లు చూస్తే రెటీనా లెక్కలో అది ఇరవై. అంతకుముందు స్లిట్ ల్యాంప్‌తో చూసింది, డైరెక్ట్‌తో చూసింది, అన్నీ ఆ ఖాతాలోకే వెళ్తాయి. కంటి పరికరాల వెలుగుకి ఐఎస్ఓ 15004-2 అనే ప్రమాణం ఉంది, ల్యాబ్‌లో లెక్చరర్ గారు దాని ప్రకారమే లెక్క కట్టి చూపించారు.

ఫోన్ ఫ్లాష్‌లో ఉండేది తెల్ల ఎల్‌ఈడీ. వెలుగుని రంగులుగా విడదీసి కొలిచే స్పెక్ట్రోమీటర్ కింద పెట్టగానే 450 దగ్గర నీలం శిఖరం నిటారుగా లేచింది. కంటికి తెల్లగా కనిపించే వెలుగు లోపల అంత నీలం ఉందని తెలుసు గానీ, తెర మీద చూడడం వేరు. 2012లో ఐఫోన్ 4 ఫ్లాష్‌ని ఇలాగే కొలిచి, 20డి లెన్స్‌తో వాడినప్పుడు పరిమితులకి బాగా లోపలే ఉందని పరిశోధకులు రాశారు. చాలామంది ఆ ఒక్క మాట పట్టుకుని "ఫోన్ వెలుగు సేఫ్" అనేస్తారు. అది ఆ ఫోన్‌కి, ఆ అమరికకి చెప్పిన మాట. నా చేతిలో ఉన్నది వేరే ఫోన్, దీని ఫ్లాష్ వేరు. కాబట్టి దీన్నే కొలవాలి. రేపు ఫోన్ మారిస్తే మళ్ళీ కొలవాలి.

కొలిస్తే వచ్చిన సంగతులు ఇవి. ఫోటో తీసేటప్పుడు ఒక్క క్షణం కొట్టే ఫ్లాష్ మెరుపు, వీడియోలో నిలకడగా వెలిగే టార్చి కన్నా చాలా ఎక్కువ. కాబట్టి ఫోటో ఫ్లాష్ నిషేధం. టార్చి వెలుగులో వీడియో తీసి, అందులోంచి మంచి ఫ్రేమ్ తీసుకోవాలి. ఫోన్ సెట్టింగ్స్‌లో టార్చికి ఐదు మెట్లు ఉన్నాయి గానీ, కెమెరా యాప్ తెరిస్తే ఏ మెట్టు పెట్టినా పూర్తి వెలుగే వస్తోంది. అందుకని ఫ్లాష్ మీద ట్రేసింగ్ పేపర్ రెండు పొరలు అతికించాం, నాలుగో వంతు కన్నా కాస్త తక్కువకి దిగింది. పసుపు ఫిల్టర్ పెడితే నీలం ఇంకా తగ్గుతుందని తమ్ముడు ఉత్సాహపడ్డాడు. మేడమ్‌కి ఫోన్ చేస్తే వద్దన్నారు. షుగరు పేషెంట్ల రెటీనాలో వెతికే కొవ్వు మచ్చలు పసుపు రంగులోనే ఉంటాయి. పసుపు వెలుగులో వాటిని ఎలా గుర్తుపడతాం?

ఇంత తగ్గించాక లెక్కలో వచ్చిన సమయం నాకు కావలసిన దానికన్నా చాలా రెట్లు ఎక్కువ. అయినా మేడమ్ వేరే గీత గీశారు: ఒక కంటికి 20 సెకన్లు. బొమ్మ వచ్చినా రాకపోయినా అంతే. "పరిమితి దాకా వెళ్ళొచ్చని కాదు పరిమితి పెట్టేది" అన్నారు.

శుక్లం ఆపరేషన్ అయి లోపల లెన్స్ పెట్టనివాళ్ళకి మాత్రం అసలు వాడను. పూర్వం క్యాంపుల్లో చేయించుకుని సోడాబుడ్డి అద్దాలతో తిరుగుతున్న ముసలివాళ్ళు మా వైపు ఇంకా కొంతమంది ఉన్నారు. నీలం వెలుగులో కొంత కంటి లెన్స్ ఆపుతుంది. అదే లేనప్పుడు నేరుగా వెనక్కి పోతుంది. చిన్నపిల్లలకీ వాడను. వాళ్ళ కంటి లెన్స్ మరీ తేటగా ఉంటుంది, పైగా కదులుతూ ఉంటారు కాబట్టి వెలుగుతో వెంటాడాలి.

మార్చి 29

పైపు కన్ను మీద రోజుకి ఇరవై సార్లు సాధన. మొదట్లో బొమ్మ దొరకడానికి 70 సెకన్లు పట్టేది. ఇప్పుడు 12. వెలుగు ఆపి ఉంచి ముందు దూరం సరిచూసుకోవడం, నా చిటికెన వేలు పేషెంటు నుదుటి మీద ఆనించి లెన్స్‌ని నిలపడం, ముందు కంటిపాప ఎర్రగా మెరిసేదాకా చూసి తర్వాతే మెల్లగా వెనక్కి లాగడం. ఈ వరస చేతికి అలవాటు కావాలి. ఓపెన్ కెమెరా యాప్‌లో ఫోకస్, ఐఎస్ఓ (ఇక్కడ ప్రమాణం కాదు, వెలుగుకి కెమెరా స్పందించే తీరు) రెండూ ముందే బిగించేస్తున్నాను. ఆటో మీద వదిలేస్తే ఫోన్ వెతుక్కుంటూ ఉంటుంది, అది వెతికినంతసేపూ పేషెంటు కంట్లో వెలుగు ఉంటుంది.

సాధన మధ్యలో ఎవరో ఫోన్ చేశారు, స్క్రీన్ మారిపోయింది, టార్చి మాత్రం వెలుగుతూనే ఉంది. ఏరోప్లేన్ మోడ్ లేకుండా మొదలుపెట్టకూడదు.

సెకన్లు లెక్కపెట్టడం నా వల్ల కాదని కూడా తెలిసింది. బొమ్మ కనిపించగానే మనసంతా దాని మీదే ఉంటుంది, పది అనుకున్నది ఇరవై ఐదు అవుతుంది. తమ్ముడికి చెబితే చిన్న బజర్ చేశాడు. ఫ్లాష్ పక్కన ఎల్‌డీఆర్ (వెలుగుని పసిగట్టే చిన్న భాగం) ఒకటి, వెలుగు పడగానే దానంతట అదే లెక్క మొదలవుతుంది. పది సెకన్లకి ఒక బీప్, ఇరవైకి ఆగకుండా మోత. బటన్ నొక్కడం మర్చిపోయే ప్రశ్నే లేదు.

ఏప్రిల్ 8

హోల్డర్ వంగిపోయింది. ఆటోలో ముందు అద్దం దగ్గర పెట్టి, సోంపేటలో పనిచూసుకుని గంటలో వచ్చేసరికి కడ్డీ విల్లులా ఉంది. పీఎల్‌ఏ 60 డిగ్రీల దగ్గరే మెత్తబడుతుందట. రెండోసారి పీఈటీజీ అనే ఇంకో ప్లాస్టిక్‌తో చేశాడు.

ఈసారి ఇంకో సమస్య మీద కూర్చున్నాం. 3డీ ప్రింట్ అంటే పొర మీద పొర. గోరు పెట్టి గీస్తే చారలు తగులుతాయి. ఆ చారల్లో మురికి, క్రిములు చేరతాయి, ఎంత తుడిచినా పోవు. మొదటి డిజైన్‌లో నుదుటికి ఆనే ఒక మెత్త ఉండేది, బాగా స్థిరంగా ఉండేది కూడా. 2023 జులై, ఆగస్టుల్లో కళ్ళకలక ఊరూరా పాకినప్పుడు మా సెంటర్ ముందు ఉన్న క్యూ నాకు ఇంకా గుర్తుంది. కలక తెచ్చే వైరస్‌లలో ఒకటైన అడెనోవైరస్ బల్లల మీద, తలుపు గడియల మీద రోజుల తరబడి బతుకుతుంది. స్పిరిట్ దూదితో ఒకసారి తుడిస్తే చస్తుందని నమ్మకం లేదు. ఒక కంటి నుంచి ఇంకో కంటికి జబ్బు మోసే పరికరం చేయడానికి కాదు కదా ఇంత పాటు!

నుదుటి మెత్త తీసేశాం. ఇప్పుడు పేషెంటుని తాకేది నా వేలు ఒక్కటే, అదీ సబ్బుతో కడుక్కున్నాక. పిడిని సన్నటి గరుకు కాగితంతో నున్నగా చేసి పైన పూత వేశాం. కళ్ళు ఎర్రగా ఉన్నవాళ్ళకి, ఊసులు కడుతున్నవాళ్ళకి, ఇంట్లో ఎవరికైనా కలక ఉన్నవాళ్ళకి ఈ పరీక్ష ఆ రోజు లేదు. లెన్స్‌ని సబ్బునీళ్ళతో కడిగి, మెత్తటి గుడ్డతో ఆరబెడుతున్నాను. ఎప్పుడైనా తగిలిందనిపిస్తే తయారీదారు చెప్పిన క్రిమిసంహారకంలో చెప్పినంతసేపు ఉంచాలి. స్పిరిట్ మాత్రం లెన్స్‌కి తగలనివ్వను, పైపూత పాడవుతుంది.

ఏప్రిల్ 20

పెద్ద ఆసుపత్రి ఎథిక్స్ కమిటీ అనుమతి వచ్చింది. ఇరవై మంది పేషెంట్లు, పెద్ద ఆసుపత్రిలోనే, మేడమ్ పక్కన ఉండగా. ప్రతి ఒక్కరికీ అదే రోజు మేడమ్ తన పద్ధతిలో పూర్తి పరీక్ష చేస్తారు, నా ఫోటో మీద ఆధారపడి ఎవరికీ ఏ నిర్ణయమూ ఉండదు. మన దేశంలో 2020 ఏప్రిల్ 1 నుంచి వైద్య పరికరాలన్నీ మందుల చట్టం కిందికి వచ్చాయి. ఇంట్లో చేసిన దాన్ని "పరికరం" అని చెప్పి జబ్బు తేల్చడానికి వాడేయడం కుదరదు. కుదరకపోవడమే మంచిది.

ఫోటోల సంగతి కూడా కమిటీ అడిగింది. ఫోటో మీద పేరు ఉండదు, నంబరే ఉంటుంది. ఈ ఫోన్‌లో సిమ్ లేదు, గ్యాలరీ దేనికీ సింక్ కాదు, వాట్సాప్ లేదు. సాయంత్రం ఆసుపత్రి కంప్యూటర్‌కి ఎక్కించి ఫోన్‌లోంచి తీసేయాలి.

మే 4

పేషెంట్లకి ముందు మనవాళ్ళు. మా తమ్ముడి కంటికి మేడమ్ చుక్కలు వేశారు, నేను చూశాను.

బొమ్మ దొరికింది. నిజమైన కంటి రెటీనా, నరం మొదలు, అందులోంచి వస్తున్న రక్తనాళాలు, ప్రింట్ బొమ్మ కాదు, బతికున్న ఎరుపు. ఒక అంచు కాస్త మసకగా ఉంది. కొంచెం పక్కకి జరిపితే అదీ వస్తుందనిపించింది. బజర్ మోగుతోంది. వినిపిస్తోంది కూడా. ఇంకొక్క సెకను, ఇంకొక్క సెకను అనుకుంటున్నాను. మేడమ్ ఏమీ అనలేదు, చెయ్యి చాచి ఫ్లాష్‌ని అరచేత్తో మూసేశారు.

26 సెకన్లు. తమ్ముడికి కాసేపు ఆకుపచ్చ మచ్చ కనిపించి పోయింది, అంతకుమించి ఏమీ లేదు. అయినా ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. వెలుగు కొలిచింది నేను, గీత దాటితే ఏమవుతుందో చదివింది నేను, బజర్ పెట్టించింది నేను. ఇంత చేసిన నేనే అందమైన బొమ్మ ఎదురుగా ఉంటే ఆగలేకపోయాను. పరికరంలో అన్నిటికన్నా జాగ్రత్త అవసరమైన భాగం నా చెయ్యే అనిపించింది. మర్నాడు బజర్ పద్ధతి మార్చాం: ఇరవై సెకన్లకి మోతతోపాటు చిన్న సర్వో మోటారు ఒక నల్ల రేకుని ఫ్లాష్ ముందుకి తిప్పేస్తుంది. నా ఇష్టంతో సంబంధం లేదు. ఆపాల్సిన పని ఆ రేకుదే.

మే 13

చుక్కల గురించి ఒక పేజీ రాసి గోడకి అంటించాను. ఎక్కువమందికి వేసేది ట్రోపికమైడ్, ఫినైలెఫ్రిన్ కలిసిన మందు, అరగంటలో పాప పెద్దదవుతుంది. ఫినైలెఫ్రిన్ బీపీని పెంచగలదు. ఉద్దానంలో ఇది పుస్తకంలో మాట కాదు. కిడ్నీ జబ్బు లేని వీధి లేదు, డయాలసిస్‌కి వెళ్ళివచ్చే వాళ్ళు మా పేషెంట్లలో ఎప్పుడూ ఉంటారు, వాళ్ళలో చాలామందికి బీపీ అదుపులో ఉండదు. చుక్క వేసేముందు బీపీ చూడకుండా వేయం. ఎక్కువున్నా, గుండె జబ్బున్నా ట్రోపికమైడ్ ఒక్కటే వేస్తాం. పాప కాస్త నెమ్మదిగా, కాస్త తక్కువగా తెరుచుకుంటుంది, ఫర్వాలేదు. వేశాక ముక్కు పక్కన కంటి మూల వేలితో నొక్కి ఉంచమంటాం, మందు ఒంట్లోకి పోవడం తగ్గుతుంది.

రెండోది, కంటి ముందుగది లోతు. స్లిట్ ల్యాంప్‌తో పక్క నుంచి సన్నటి వెలుగు గీత వేసి చూస్తే, కార్నియా (కంటి ముందు ఉండే తేట పొర) మందానికీ దాని వెనక ఖాళీకీ తేడా తెలుస్తుంది. ఖాళీ ఆ మందంలో నాలుగో వంతు కన్నా తక్కువైతే చుక్క వేయకూడదు, మేడమ్‌కి చూపించాలి. అలాంటి కంట్లో పాప పెద్దదైతే నీళ్ళు బయటికి పోయే దారి మూసుకుని ఒత్తిడి ఒక్కసారిగా పెరగొచ్చు. "రాత్రి దీపం చుట్టూ రంగుల గుండ్రాలు కనిపిస్తాయా?" అని అడగాలి. తలకి దెబ్బ తగిలి వచ్చినవాళ్ళకి అసలు వేయకూడదు, డాక్టర్లకి వాళ్ళ కంటిపాపే ఒక కొలమానం.

ఇంటికి వెళ్ళేవాళ్ళకి తెలుగులో పెద్ద అక్షరాల చీటీ ఇస్తాం: కన్ను బాగా నొప్పి పుట్టినా, ఎర్రబడినా, వాంతి వచ్చినా, చూపు మసకబారినా రాత్రయినా ఫోన్ చేయండి. మామూలు మసక నాలుగైదు గంటల్లో తగ్గుతుంది, ఆ రోజంతా బండి నడపొద్దు.

మే 22

మొదటి ఐదుగురు.

మొదటి ఆమెకి అరవై దాటాయి, మందస వైపు నుంచి వచ్చింది, పన్నెండేళ్ళ నుంచి షుగరు. కాగితం మీద ఉన్నదంతా చదివి వినిపించాను. ఇది ఇంట్లో చేసిన పరికరమని, వద్దంటే వైద్యంలో ఏ తేడా ఉండదని చెప్పాను. ఆమె కాగితం వైపు చూడలేదు, నా ముఖం చూసింది.

"ఏటమ్మా, ఈ ఎలుగుకి కళ్ళు పోతాయేటి?"

"పోవమ్మా. ఇరవై అంకెలు లెక్కపెట్టేలోపు దానంతట అదే ఆరిపోతుంది. కష్టంగా ఉంటే అంతకుముందే చెయ్యెత్తు, తీసేస్తాను."

"నువ్వు సూపించుకున్నావేటి?"

చూపించుకున్నానని చెప్పాను. మే 10న మేడమ్ నా రెండు కళ్ళూ ఇదే పరికరంతో చూశారు. ఆ ప్రశ్నకి అవును అని చెప్పలేకపోతే ఆ కుర్చీలో నేను కూర్చోకూడదు. ఆమె వేలిముద్ర వేసింది. కుడి కన్ను 14 సెకన్లు, ఎడమ కన్ను 11. వీడియోలో ఎర్రటి చుక్కలు, కొన్ని పసుపు మచ్చలు కనిపించాయి. నేను ఆమెతో ఏమీ అనలేదు, అనే అధికారం నాకు లేదు. మేడమ్ తన పరీక్షలో అవే చూసి లేజర్ గురించి మాట్లాడారు.

మూడో ఆయన ఒంటరిగా బైకు మీద వచ్చాడు. తోడెవరూ లేరని చుక్క వేశాక చెప్పాడు. తప్పు మాదే, ముందే అడగాలి. బండి తాళం మా దగ్గర పెట్టుకుని కొడుకుకి ఫోన్ చేశాం. సాయంత్రం నాలుగింటికి కొడుకు వచ్చేదాకా ఆయన కూర్చునే ఉన్నాడు, ఒక రోజు కూలి పోయింది. ఇప్పుడు మొదటి ప్రశ్న కంటి గురించి కాదు, "ఎలా వచ్చారు, ఎవరితో వచ్చారు" అన్నదే. బయటికి వెళ్ళేటప్పుడు నల్ల అద్దాలు ఇస్తున్నాం, లేకపోతే కండువా నుదుటి మీదికి కప్పుకోమంటున్నాం. పెద్దదైన పాపలోకి మే నెల ఎండ నేరుగా పడితే తలనొప్పి వస్తుంది.

జూన్ 28

ఇరవై మంది పూర్తయ్యారు. ఒక కంటికి అతి తక్కువ సమయం 6 సెకన్లు, అతి ఎక్కువ 20. రేకు రెండుసార్లు తిరిగి వెలుగు ఆపింది, రెండుసార్లూ బొమ్మ పూర్తిగా రాలేదు, అలాగే రాసుకున్నాం. ఈ ఇరవై మంది కాక ఇంకో నలుగురికి అసలు చేయలేదు: ఇద్దరికి ముందుగది లోతు తక్కువ, ఒకరికి కళ్ళకలక, ఒకామె వద్దంది. వద్దన్నామె పేరు పక్కన కారణం గడి ఖాళీగా వదిలేయమన్నారు మేడమ్. కారణం చెప్పాల్సిన అవసరం ఆమెకి లేదు.

నా వీడియోలు పద్నాలుగింటిలో మేడమ్‌కి కావలసినదంతా కనిపించింది. మూడింటిలో కొంత. మూడు పనికిరావు, వాళ్ళకి శుక్లం ముదిరి ఉంది, వెలుగు లోపలికి పోదు. అలాంటి కళ్ళలో వెలుగు పెంచి చూడాలనే ఆలోచన నాకు వచ్చింది, రాసి కొట్టేశాను.

విజన్ సెంటర్‌లో వాడడానికి వేరే అనుమతి అడగాలి. ఆ దరఖాస్తులో మొదటి పేజీ బొమ్మలు కాదు, సెకన్ల పట్టిక ఉండాలని మేడమ్ అన్నారు. తమ్ముడు ఐదో డిజైన్ పంపుతున్నాడు: రేకు మోటారుకి బ్యాటరీ అయిపోతే రేకు మూసుకునే ఉండాలి, తెరుచుకుని ఉండకూడదు. ఇప్పటిదాకా అది తిరగేసి ఉందని నిన్న బ్యాటరీ అయిపోయినప్పుడే చూశాం, అదృష్టవశాత్తూ పైపు కన్ను మీద. మణికట్టు తాడు రెండు అంగుళాలు తగ్గించాలి. ట్రేసింగ్ పేపర్ అంచు లేస్తోంది, దాని మీద ఇంకో రింగు కావాలి. సోమవారం ఇవి వచ్చాక వెలుగు మళ్ళీ మొదటి నుంచి కొలవాలి.